తోడేలుకు వాటా ఎంత? – ఆన్‌లైన్ పోరు ఆటల పెట్‌లపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఆన్‌లైన్ ఆటలలో ఆటగాడి పక్షాన పోరాడే జంతువులను, భూతాలను, ఎముకల గూళ్లను, యంత్రాలను కూడా ఆడేవారు "పెట్" అనే పిలుస్తారు కనుక ఇక్కడ మేమూ ఆ మాటే వాడుతున్నాము. ఆటగాళ్లు ఒకరితో ఒకరు తలపడే పోటీలలో ఈ పెట్‌ల బలాన్ని ఎలా నిర్ణయించాలన్న విషయంపై ఈసారి ఉత్తరాలు ఎక్కువగా వచ్చాయి. ఒకే సందేహాన్ని పలువురు అడిగిన చోట వాటిని ఒక ప్రశ్నగా కలిపాము.

ప్రశ్న: మేము నలుగురు మిత్రులం కలిసి ఒక చిన్న పోరు ఆటను తయారు చేస్తున్నాము. అందులో వేటగాడి పాత్రకు ఒక తోడేలు తోడుగా ఉంటుంది. మిగిలిన పాత్రలు ఒక్కొక్కటి సెకనుకు చేసే డ్యామేజీని, అంటే వేసే దెబ్బ మొత్తాన్ని, 100 అనుకుంటే, వేటగాడికి 70, తోడేలుకు 30 ఇచ్చాము. లెక్క సరిపోయిందనుకున్నాము. కానీ వేటగాడిగా ఆడేవారు తమ పాత్ర బలహీనమని, వారిని ఎదుర్కొనేవారు అది అన్యాయంగా బలమైనదని ఫిర్యాదు చేస్తున్నారు. రెండు ఫిర్యాదులూ ఒకేసారి నిజం ఎలా అవుతాయి?

జవాబు: అవుతాయి. 70కి 30 కలిపితే 100 అన్నది కాగితం మీది కూడిక. పోరులో అది నిలవాలంటే తోడేలు మొదటి క్షణం నుంచి చివరి క్షణం వరకు ప్రత్యర్థిని అంటిపెట్టుకుని కరుస్తూనే ఉండాలి. ప్రత్యర్థి మాత్రం పరుగెత్తుతాడు, మెట్లెక్కుతాడు, స్తంభం చుట్టూ తిరుగుతాడు. తోడేలు దారి వెతుక్కుంటూ వెనుకబడుతుంది. తోడేలు నిజంగా కరవగలిగిన సమయం పోరులో 70 శాతమే అనుకుందాం. అప్పుడు దాని 30 కాస్తా 21 అవుతుంది, వేటగాడి మొత్తం 91 దగ్గర ఆగిపోతుంది. అతని ఫిర్యాదు న్యాయమైనదే.

ఇక్కడ చాలామంది రూపకర్తలు చేసే పని, తప్పిన కాట్లకు పరిహారంగా కాటు బలాన్ని పెంచడం. సగటున 30 దక్కాలంటే కాటును 43కు పెంచాలి. సగటు సరిపోతుంది. అయితే కాళ్లకు వల పడి కదలలేని ప్రత్యర్థి మీద, లేదా స్వభావరీత్యా నిలబడి మంత్రం చదవవలసిన మాంత్రికుడి మీద, ఆ తోడేలు ప్రతి కాటూ తగులుతుంది. వేటగాడి మొత్తం 113కు చేరుతుంది. చురుగ్గా కదిలే పాత్రల ముందు బలహీనుడు, కదలలేని పాత్రల ముందు బలవంతుడు అయిన ఒకే వేటగాడి గురించి మీకు రెండు రకాల ఉత్తరాలు వస్తున్నాయి. కనుక కాటు బలాన్ని ముట్టుకునే ముందు కాటు తగిలే సమయాన్ని కొలవండి; సగటును మాత్రమే కాక, ఏ పాత్ర మీద ఎంత అన్న తేడాను కూడా చూడండి. ఆ తేడాను తగ్గించే మార్పులు, అంటే తోడేలు పరుగు వేగాన్ని కొద్దిగా పెంచడం, కదులుతూనే కరవనివ్వడం, దారి వెతికే పద్ధతిని సరిచేయడం, కాటును పెంచడం కన్నా ఎప్పుడూ మేలు. గిల్డ్ వార్స్ 2 అనే ఆన్‌లైన్ ఆటలో రేంజర్ పాత్ర తన బలంలో కొంత భాగాన్ని పెట్‌కు వదులుకోవలసి రావడం, ఆ పెట్ కదిలే లక్ష్యాన్ని అందుకోలేకపోవడం ఆటగాళ్ల పాత ఫిర్యాదులే. 2017లో ఆ ఆటకు చేర్చిన కొత్త భాగం, అంటే పాత్ ఆఫ్ ఫైర్ విస్తరణలోని సోల్‌బీస్ట్ మార్గంలో యజమాని పెట్‌ను తనలో కలుపుకుని పోరాడవచ్చు. దారి వెతకడమనే సమస్యను పరిష్కరించకుండా తప్పించుకున్న తీరు ఇది; తెలివైనదే కానీ, అలా కలిసిపోయాక పెట్ అనేది మైదానంలో కనబడకుండా పోతుందన్న చింత నాకు లేకపోలేదు.

ఇప్పుడు రెండవ భాగం, తోడేలు హెల్త్, అంటే అది పడిపోయేలోపు ఎంత దెబ్బ తట్టుకోగలదన్న అంకె. దీని గురించి మీరు ఒక్క మాటయినా రాయలేదు, నిజానికి చిక్కు ఎక్కువగా ఉన్నది ఇక్కడే. పోరు యజమాని పడిపోగానే ముగుస్తుంది, తోడేలు పడిపోతే ముగియదు. అందువల్ల ప్రత్యర్థి ముందు ఎప్పుడూ ఒక ఎంపిక ఉంటుంది: తోడేలును ముందు చంపాలా, దానిని పట్టించుకోకుండా యజమానినే కొట్టాలా? యజమానికీ ప్రత్యర్థికీ సమానంగా 100 హెల్త్ ఉందని, ప్రత్యర్థి సెకనుకు 1 చొప్పున కొడతాడని, వేటగాడు 0.7, తోడేలు 0.3 చొప్పున కొడతారని అనుకోండి. తోడేలును వదిలేస్తే 100 సెకన్లలో యజమాని పడిపోతాడు, అప్పటికి ప్రత్యర్థి కూడా సరిగ్గా 100 దెబ్బ తిని ఉంటాడు, సమం. తోడేలును ముందు చంపాలంటే దాని హెల్త్ ఎంతో అన్ని సెకన్లు పడుతుంది, ఆ సమయమంతా ఇద్దరి దెబ్బా తినాలి, ఆ తరువాత 100 సెకన్ల పాటు యజమాని ఒక్కడి దెబ్బ, అంటే 70. తోడేలు హెల్త్ 30 అయితే మొత్తం మళ్లీ 100, సమం. 20 అయితే మొత్తం 90, అంటే తోడేలును ముందు చంపినవాడు గెలుస్తాడు. 60 అయితే మొత్తం 130, అంటే తోడేలు జోలికి వెళ్లినవాడు ఓడిపోతాడు.

మందులు, స్టన్‌లు (కాసేపు కదలనివ్వని దెబ్బలు), పారిపోవడాలు లేని లెక్క ఇది కనుక యథాతథంగా ఆటలో పెట్టలేము. దిక్కును మాత్రం ఇది చూపిస్తుంది. మొత్తం డ్యామేజీలో పెట్ వాటా ఎంత శాతమో, ప్రత్యర్థి హెల్త్‌తో పోలిస్తే పెట్ హెల్త్ కూడా దాదాపు అంత శాతం ఉన్నప్పుడే "దేనిని ముందు కొట్టాలి" అన్నది నిజమైన ప్రశ్నగా నిలుస్తుంది. అంతకన్నా బాగా ఎక్కువ ఉంటే పెట్‌ను ఎవరూ కొట్టరు. అది చావని ఆయుధం అవుతుంది. బాగా తక్కువ ఉంటే పోరు మొదటి క్షణాలలోనే దానిని చంపేస్తారు, తరువాత యజమాని 70 శాతం మనిషిగా మిగులుతాడు. మీ తోడేలు హెల్త్ ఎంతో ఒకసారి చూడండి. 50కి పైన ఉంటుందని నా అనుమానం, ఎందుకంటే అడవిలోని రాక్షసులతో పోరాడే సన్నివేశాలకు సరిపడా ఇచ్చిన హెల్త్‌నే ఆటగాళ్ల పోటీలోకి కూడా తీసుకురావడం అందరూ చేసే పొరపాటు. ఆ రెండింటికీ వేరువేరు విలువలు పెట్టుకోవడానికి సంకోచించనక్కరలేదు.

ప్రశ్న: ఒకేసారి చాలామందికి తగిలే ఏరియా డ్యామేజీ నుంచి పెట్‌లకు రక్షణ ఇవ్వడం న్యాయమేనా? నేను మంటల వాన కురిపిస్తే యజమాని సగం చచ్చి, అతని పెట్‌కు గీత కూడా పడకపోవడం నాకు వింతగా ఉంది.

జవాబు: వింతగానే ఉంటుంది, కానీ కారణం ఉంది. పెట్‌కు తన తెలివి తక్కువ. యజమాని మంటలోంచి పక్కకు జరుగుతాడు. పెట్ ఆజ్ఞ వచ్చేదాకా అందులోనే నిలబడి కాలిపోతుంది. ఈ రక్షణ లేకపోతే, యజమానిని గురి చూసి కొట్టిన దెబ్బతోనే పెట్ కూడా ఉచితంగా చచ్చిపోతుంది, ప్రత్యర్థికి ఎంపిక చేసుకునే శ్రమ కూడా మిగలదు. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ ఆటలో వేటగాళ్ల పెట్‌లకు, భూతాలకు ఏరియా డ్యామేజీని చాలావరకు తగ్గించే గుణాన్ని చేర్చింది ఇందుకే.

అదే ఆటలో దీనికి అవతలి వైపు ఉదాహరణ కూడా ఉంది. 2007లో వచ్చిన బర్నింగ్ క్రూసేడ్ విస్తరణలో ఆటగాళ్ల మధ్య పోరులో దెబ్బను తగ్గించే "రెసిలియన్స్" అనే గుణాన్ని కవచాలకు చేర్చారు. యజమాని ఎంత కష్టపడి ఆ కవచాలు సంపాదించుకున్నా పెట్‌కు మాత్రం అది వర్తించేది కాదు. అందరి శరీరాలూ గట్టిపడుతుంటే పెట్‌లు మాత్రం పాత మెత్తదనంతోనే మిగిలిపోయాయి. యజమాని రెసిలియన్స్ పెట్‌కు కూడా సంక్రమించే ఏర్పాటు తరువాత వచ్చింది. మీరు ఏ కొత్త గుణాన్ని ఆటలోకి తెచ్చినా, అది యజమాని నుంచి పెట్‌కు ఎంత శాతం సంక్రమిస్తుందన్నది అదే రోజున తేల్చుకోవాలి.

మీ ఫిర్యాదుకు నేరుగా జవాబు: రక్షణ ఉండవచ్చు, కానీ అది పూర్తిగా ఉండకూడదు. గీత కూడా పడకపోవడం అతి.

ప్రశ్న: నేను మాంత్రికుడిగా ఆడతాను. నన్ను ఓడించే పెట్‌ల డ్యామేజీ చూస్తే చాలా తక్కువ. అయినా వాటి ముందు నిలవలేకపోతున్నాను. లోపం నాదేనా?

జవాబు: మీది కాదు. పెట్ దెబ్బను డ్యామేజీ పట్టికలో మాత్రమే చూసేవారికి ఈ సంగతి బోధపడదు. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ తొలినాళ్లలో బ్యాడ్‌ల్యాండ్స్ అనే ప్రాంతంలో బ్రోకెన్ టూత్ అనే అరుదైన పిల్లిజాతి మృగం ఉండేది. దానిని మచ్చిక చేసుకోవడానికి వేటగాళ్లు గంటల తరబడి కాపు కాసేవారు. దాని కాటు పెద్దదేమీ కాదు. సెకనుకు ఒకసారి కరిచేది, అంతే. అయితే ఆ ఆటలో మంత్రం చదువుతున్నవారికి ప్రతి దెబ్బా ఆ మంత్రాన్ని కొంత ఆలస్యం చేసేది. నెమ్మదిగా గట్టిగా కరిచే జంతువూ, వేగంగా మెల్లగా కరిచే జంతువూ మొత్తం మీద సమానమైన డ్యామేజీ చేసినా, రెండవది మాంత్రికుడి నోరు కట్టేసేది. చివరకు అన్ని జంతువుల దాడి వేగాన్నీ 2 సెకన్లకు ఒకటిగా చేసి ఆ తేడాను తీసేశారు. ఆ మృగం కోసం కాపు కాసినవారికి అది నచ్చకపోవడం సహజమే. కానీ మరో దారి ఉన్నట్టు నాకు తోచదు.

పోకెమాన్ పోటీలలోనూ ఇదే కథ మరో రూపంలో జరిగింది. 2013లో వచ్చిన ఎక్స్, వై ఆటలలో పిల్లను సంచిలో మోసే మెగా కంగాస్‌ఖాన్ అనే జీవికి "పేరెంటల్ బాండ్" అనే గుణం ఇచ్చారు: తల్లి కొట్టిన వెంటనే సంచిలోని పిల్ల కూడా సగం బలంతో కొడుతుంది. అంటే ఒక దెబ్బకు ఒకటిన్నర దెబ్బలు. 2016లో వచ్చిన సన్, మూన్ ఆటలలో పిల్ల దెబ్బను సగం నుంచి పావుకు తగ్గించారు; మొత్తం ఒకటిన్నర నుంచి ఒకటింపావుకు, అంటే ఆరవ వంతు మేర తగ్గింది. అయితే ఆ పిల్ల వల్ల వచ్చిన ఇబ్బంది డ్యామేజీతో ఆగలేదు. ఒక్క పెద్ద దెబ్బను కాచుకునే ఫోకస్ శాష్ వంటి వస్తువులను రెండవ దెబ్బ వృథా చేసేది. దాడి బలాన్ని ఒక మెట్టు పెంచే పవర్-అప్ పంచ్ అనే దెబ్బ, రెండుసార్లు తగిలినందువల్ల రెండు మెట్లు పెంచేది. దెబ్బ ఎంత చిన్నదైనా, అది తగిలిన సంఖ్యను లెక్కించే నియమం ఆటలో ఎక్కడైనా ఉంటే, పెట్ ఆ నియమాన్ని పట్టుకుని పైకెక్కుతుంది. మీ ఆటలో మంత్రం చెడగొట్టడం, అదృశ్యమైనవారిని బయటపెట్టడం, జెండా పట్టుకునే పనిని ఆపడం, ఇలా "ఏ దెబ్బయినా సరే" అని రాసి ఉన్న నియమాలన్నిటినీ వెతికి, అవి పెట్ దెబ్బకు కూడా వర్తించాలా అని ఒక్కొక్కటిగా అడగవలసిందిగా ఆ రూపకర్తలను కోరండి.

ప్రశ్న: ఎముకల గూళ్లను లేపే మాంత్రికుడికి 3 గూళ్లు ఉన్నప్పుడు ఎవరూ భయపడలేదు. 6కు పెంచగానే గగ్గోలు మొదలైంది. బలం రెట్టింపే కదా, అంత గోల ఎందుకు?

జవాబు: రెట్టింపు కాదు కనుక. 1916లో ఫ్రెడరిక్ లాంచెస్టర్ అనే ఇంగ్లండు ఇంజనీరు యుద్ధాల గురించి ఒక సూత్రం చెప్పాడు: దూరం నుంచి అందరూ అందరినీ కొట్టగలిగే పోరులో సేన బలం సంఖ్య మీద కాక సంఖ్య వర్గం మీద ఆధారపడుతుంది. మీ గూళ్లకు దానినే కొద్దిగా మార్చి వాడుకోవచ్చు. ప్రత్యర్థి వాటిని ఒక్కొక్కటిగా చంపుతున్నాడనుకోండి. మొదటిది చచ్చేలోపు 3 కొడతాయి, తరువాత 2, తరువాత 1. మొత్తం 6 వంతుల దెబ్బ. 6 గూళ్లయితే 6, 5, 4, 3, 2, 1 కలిపి 21 వంతులు. సంఖ్య రెట్టింపయింది, తగిలే దెబ్బ మూడున్నర రెట్లయింది.

మరి అదే ప్రత్యర్థి చేతిలో ఏరియా డ్యామేజీ ఉంటే? అన్ని గూళ్లూ ఒకే కాలంలో కూలుతాయి. అప్పుడు 3 గూళ్ల దెబ్బ 3 వంతులు, 6 గూళ్ల దెబ్బ 6 వంతులు. అంటే ఆరు గూళ్ల గుంపు ఒక పాత్రకు 21 వంతుల శత్రువు, మరో పాత్రకు 6 వంతుల శత్రువు. సంఖ్య పెరిగేకొద్దీ ఈ అగాధం పెరుగుతుంది. 10 గూళ్లయితే 55కూ 10కీ మధ్య తేడా. ఇంత తేడాను ఒక్కో గూడు డ్యామేజీ తగ్గించి పూడ్చడం ఎవరి తరమూ కాదు. గోల చేసినవారిలో ఏరియా డ్యామేజీ లేని పాత్రలవారే ఎక్కువగా ఉన్నారేమో చూడండి.

అందుకే అనుభవమున్న ఆటలు సంఖ్యకే కళ్లెం వేశాయి. అల్టిమా ఆన్‌లైన్‌లో జంతువులను మచ్చిక చేసేవారికి 5 నియంత్రణ స్థానాలు ఇచ్చి, ఒక్కో జంతువు ఎన్ని స్థానాలు తీసుకుంటుందో నిర్ణయించారు. డ్రాగన్‌కు 3, నైట్‌మేర్ అనే గుర్రానికి 2. ఒక డ్రాగన్‌ను, ఒక నైట్‌మేర్‌ను వెంటబెట్టుకోవచ్చు. రెండు డ్రాగన్లు కుదరవు. 2002 నాటి వార్‌క్రాఫ్ట్ 3 మరో దారి పట్టింది. మంత్రంతో పుట్టించిన జీవులకు ఆయుష్షు నిర్ణయించింది. వాటర్ ఎలిమెంటల్ అనే నీటి జీవి 60 సెకన్లే బతుకుతుంది. పైగా మంత్రాలను తొలగించే డిస్పెల్ ఆ జీవుల మీద పడితే భారీ దెబ్బ తగులుతుంది. పూజారి వేసే డిస్పెల్ ఒక్కొక్క జీవికి 200 దెబ్బ వేస్తుంది. ఈ రెండవ పద్ధతి నాకు ఎక్కువ ఇష్టం, ఎందుకంటే గుంపును ఆపే మందు ప్రత్యర్థి చేతికే అందుతుంది. అతడు దానిని వెంట తెచ్చుకున్నాడా లేదా అన్నది అతని బాధ్యత అవుతుంది.

ప్రశ్న: పెట్ ఉన్న ఆటగాడిని, లేని ఆటగాడిని ఒకే స్థాయిగా లెక్కగట్టి ఎందుకు జత చేస్తారు? పెట్‌కు కూడా లెవెల్ కట్టి కలపకూడదా?

జవాబు: కలపవచ్చు, కలిపారు కూడా. రూన్‌స్కేప్ అనే ఆటలో 2008 జనవరిలో పెట్‌లను పిలిచే సమ్మనింగ్ అనే నైపుణ్యం వచ్చినప్పుడు ఆటగాడి గరిష్ఠ పోరు స్థాయి 126 నుంచి 138కి పెరిగింది. ఆటగాళ్లు ఒకరినొకరు చంపుకోగల వైల్డర్‌నెస్ ప్రాంతంలో ఎవరు ఎవరి మీద దాడి చేయవచ్చో పోరు స్థాయిని బట్టే తేలేది. సమ్మనింగ్ సామగ్రి లేకుండా వచ్చినవారికి ఆ అదనం లెక్కలోకి వచ్చేది కాదు. తెచ్చుకున్నవారి స్థాయి "126+12" అన్నట్టు విడిగా కనిపించేది. ఎదుటివాడు ఏమి తెస్తున్నాడో దూరం నుంచే తెలిసేది. అంతేకాదు, పోరాడే పెట్‌లు పలువురు కలిసి కొట్టుకోగల ప్రదేశాలలోనే పోరాడేవి. ఒకరితో ఒకరు మాత్రమే తలపడే చోట ఊరికే నిలబడేవి.

పెట్‌కు విడిగా లెవెల్ పెంచుకోవలసిన ఆటలలో ఇంకో దారి ఉంది: పోటీలోకి రాగానే అందరి పెట్‌లనూ ఒకే లెవెల్‌కు తేవడం. పోకెమాన్ అధికారిక పోటీలలో లెవెల్ 50 నియమం ఇలాంటిదే. నెలల తరబడి పెంచినవారికి కొంత నష్టం అనిపిస్తుంది కానీ, తీరిక ఎక్కువ ఉన్నవాడు నైపుణ్యం ఎక్కువ ఉన్నవాడిని ఓడించే పోటీని ఎవరూ ఎక్కువ కాలం చూడరు.

ప్రశ్న: ఇంత తలనొప్పి ఎందుకు? ఆటగాళ్ల పోటీలలో పెట్‌లను నిషేధిస్తే సరిపోదా?

జవాబు: పెట్ మీదే ఆధారపడిన పాత్ర ఆటలో ఉన్నప్పుడు అది ఆ పాత్రను నిషేధించడమే అవుతుంది.

ప్రశ్న: మా ఆటలో ఎలుగుబంటి చాలా బలమైనదని తేలింది. దాని బలం తగ్గిస్తే అభిమానులు ఊరుకోరు. బలం తగ్గించకుండా సరిచేసే ఉపాయం ఉందా?

జవాబు: బలానికి వెల కట్టండి. డోటా 2 ఆటలో లోన్ డ్రూయిడ్ అనే పాత్ర వెంట ఉండే ఎలుగుబంటిని చూడండి. అది వస్తువులు ధరిస్తుంది, యజమానిని మించి కొట్టగలదు. అయితే చాలాకాలం పాటు అది యజమానికి 1100 యూనిట్ల దూరం దాటితే దాడి చేయలేకపోయేది. కనుక యజమాని క్షేమంగా ఎక్కడో దాక్కుని దానిని పంపడం కుదిరేది కాదు, తానూ ప్రమాదం అంచు దాకా రావలసి వచ్చేది. అది చచ్చిపోతే యజమానికి కూడా దెబ్బ తగిలేది. చంపినవారికి బంగారం దక్కేది. ఈ మూడింటిలో ఏ ఒక్కటీ ఎలుగుబంటి కాటును తగ్గించలేదన్నది గమనించండి.

మొదటి ప్రశ్నలోని లెక్కను ఇక్కడ మళ్లీ వేసి చూడవచ్చు. 60 హెల్త్ ఉన్న పెట్‌ను చంపడం ప్రత్యర్థికి నష్టమని అక్కడ తేలింది, 30 ఎక్కువ దెబ్బ తినవలసి వచ్చింది. పెట్ చావగానే యజమానికి 30 దెబ్బ తగిలే నియమం పెడితే? అతడిని పడగొట్టడానికి 100 బదులు 70 సెకన్లే పడుతుంది. ఆ 70 సెకన్లలో అతడు వేసేది 49. మొదటి 60 కలిపితే 109. అంటే ప్రత్యర్థి ఇంకా 9 వెనుకబడి ఉన్నాడు కానీ, 30తో పోలిస్తే అది చేతికందే దూరం; చంపినందుకు చిన్న బహుమతి ఏదైనా చేరిస్తే మిగిలింది కూడా సరిపోతుంది. మీ ఎలుగుబంటి హెల్త్, వాటా అంకెలు వేసుకుని ఈ కూడికను ముందు కాగితం మీద చేసి చూడండి. యజమానికి తగిలే ఆ దెబ్బను మాత్రం అతని తెర మీద స్పష్టంగా చూపించండి. ఎందుకు చచ్చాడో తెలియని ఆటగాడు ఎలుగుబంటిని వదిలి మీకే ఉత్తరం రాస్తాడు.